లెక్కలోకి రాని వేడి

అమెరికాలోని బఫలోలో చలికాలం దోసెల పిండి పులవాలంటే తెలుగువాళ్ళు ఓవెన్‌లో లైటు వేసి లోపల పెట్టుకుంటారు. నిశాంత్ వాళ్ళ వీధిలో మాత్రం గిన్నె మూత మీద పేరు రాసి, తెచ్చి దమయంతి గారి కుర్చీ పక్కన పెట్టి పోతారు. ఆవిడ నిశాంత్ అత్తగారు. కూతురి పురిటికని రెంటచింతల నుంచి వచ్చింది. ఆ ఊరి ఎండంతా ఆవిడ ఒంట్లోనే ఉండిపోయింది. ఆవిడ కూర్చున్నచోట పిండి పొంగుతుంది, తడి సాక్సులు ఆరుతాయి. అందులో వింతేముంది? కొందరి చేతికి రుచి ఉంటుంది, కొందరి ఒంటికి వేడి ఉంటుంది.

పాప నెలలు నిండకుండా పుట్టింది. గది చల్లబడితే ప్రమాదమని నర్సు మరీ మరీ చెప్పింది. నిశాంత్ దేన్నయినా తనే లెక్కగట్టే రకం. పాప ఇంటికి రాకముందే గది కొలతలు, కిటికీలు, బయటి గోడలు అన్నీ లెక్క వేశాడు. థర్మామీటర్ పెట్టి గది ఎంత త్వరగా చల్లారుతుందో చూశాడు. గదిని వేడిచేసే పాత ఇనప రేడియేటర్ అవసరానికి మించిందని తేలింది. ఉయ్యాలకి చోటొస్తుందని దాన్ని పీకించి చిన్నది పెట్టించాడు.

రోజూ పాప గదిలోనే కూర్చునే దమయంతి గారు, తిరిగి వెళ్ళే ముందురోజు కింద పెట్టెలు సర్దుకుంటోంది. పైన పాప పెదాలు నీలంగా మారాయి.

"నిశాంత్! రేడియేటర్ కాలిపోతోంది, గది మాత్రం మంచుగడ్డలా ఉంది!" అతని భార్య స్మృతి అరిచింది.

నిశాంత్ తల పట్టుకున్నాడు. "నేను కొలిచినప్పుడు అత్తయ్య ఇక్కడే కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు."

"అమ్మని లెక్కలో వేయలేదా? రోజూ చూస్తూ ఎలా మర్చిపోయావ్?"

ప్లంబర్లు వచ్చే వారం గానీ రామన్నారు. స్పేస్ హీటర్ పెడితే పాత వైరింగ్ తట్టుకోక ఫ్యూజు పోయింది. మిగతా గదులు మరీ అన్యాయం. అత్తగారి వీసా ఎక్స్‌టెన్షన్ రిజెక్టయింది, ఆవిడ ఉండటానికి లేదు. బిడ్డ దక్కదేమోనని అతనికి భయం పట్టుకుంది.

దమయంతి గారు పైకొచ్చి పాపని గుండెకి హత్తుకుంది. పెదాలకి రంగు తిరిగొచ్చాక కూతురి చేతికిచ్చి, నేల మీద చతికిలబడి రేడియేటర్‌ని రెండు చేతులా వాటేసుకుంది.

"అమ్మా, కాలుతుంది!"

"నాకా?" అని నవ్వింది ఆవిడ.

చీకటి పడేదాకా అలాగే కూర్చుంది. కింద గిన్నెల్లో పిండి ఆ రోజు పొంగలేదు. ఆవిడ లేచేసరికి గదిలో ఉక్కపోస్తోంది.

"బాబూ, స్వెట్టరేదన్నా ఉంటే ఇవ్వండి," అంది.

వేసవి వచ్చింది. రేడియేటర్లకి వేడినీళ్ళు పంపే బాయిలర్ ఆపేసి చాలా రోజులైనా పాప గదిలో రేడియేటర్ వెచ్చగానే ఉంది. వీధివాళ్ళు పిండి గిన్నెలు ఇప్పుడు దాని ముందు పెట్టి పోతున్నారు. పాప బొద్దుగా తయారైంది.

రెంటచింతలలో రోహిణి ఎండలకి రోళ్ళు పగులుతున్నాయి. వీడియో కాల్‌లో దమయంతి గారు దుప్పటి కప్పుకుని కనబడింది. పళ్ళు టకటకలాడుతున్నాయి.

"పాప గది వెచ్చగా ఉందా బాబూ?"

"ఉందత్తయ్యా," అన్నాడు నిశాంత్.

"అదే చాలు," అని ఆవిడ దుప్పటి ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.