రమణమూర్తిగారి వెండి సిమెంటు

వేయించిన సెనక్కాయలు నములుతుంటే అప్పలసూరి నోట్లో ఏదో కటుక్కుమంది. అరచేతిలోకి ఉమ్మి చూస్తే నల్లటి ముక్క. పన్ను కాదు, పంటిలోని సిమెంటు.

"ఏటైంది బావా?" అంది భార్య గౌరీశ్వరి.

"యుద్ధం నాటి సిమెంటు ఊడొచ్చీసింది."

పోర్టులో క్రేను నడిపే అప్పలసూరికి అలాంటివి నాలుగున్నాయి, పదిహేనేళ్ళ కిందట పెట్టించినవి. మర్నాడు ద్వారకా నగర్లో కొత్తగా తెరిచిన క్లినిక్కుకి వెళ్తే, నాలుగూ పాతబడ్డాయి, అన్నీ తీసేసి తెల్లవి పెట్టించుకోమన్నారు. ఎంతవుతుందో విని నెమ్మదిగా లేచి చెప్పులు వేసుకున్నాడు. ఆ ఏడే ఇంటి కప్పు మార్పించారు. చేతిలో మిగిలింది ఒక్క పంటికి సరిపోతే గొప్ప.

"పీకించీ. ఇంకెప్పుడూ ఖర్చుండదు" అంది గౌరీశ్వరి.

పీకించుకోవడానికి మనసొప్పలేదు. శుక్రవారం డ్యూటీ దిగి కురుపాం మార్కెట్టు వైపు నడిచాడు, ఆ సిమెంటు పెట్టిన రమణమూర్తి డాక్టరుగారి గది ఇంకా ఉందో లేదో చూద్దామని.

అవి పెట్టించుకున్నది డెబ్బై ఒకటి డిసెంబరులో, యుద్ధం జరుగుతుండగా. సముద్రం మీది పేలుళ్ళకి బెదిరి చాలామంది మూటలు సర్దుకుని ఊరు విడిచిపోయారు. డాక్టరు కదల్లేదు. దీపాలు వెలిగించకూడదు కనక పగటి వెలుగులోనే, కాలితో తొక్కే మిషనుతో పళ్ళు తొలిచేవాడు. చిన్న గాజు కల్వంలో వెండి పొడీ పాదరసమూ నూరి, గుడ్డలో వేసి పిండుతుంటే ఒక బొట్టు జారి గచ్చు మీద దొర్లింది. కొత్త పెళ్ళికూతురు గౌరీశ్వరి దాన్ని వేలితో పట్టబోతే రెండైంది, రెండూ నాలుగయ్యాయి. పంటినొప్పితో కూర్చున్న అప్పలసూరికి నవ్వాగలేదు. డాక్టరూ నవ్వేశాడు.

గది అలాగే ఉంది. కుర్చీ మాత్రం కొత్తది. ఇప్పుడు వైద్యం చేస్తున్నది డాక్టరుగారి కూతురు గంగాభవాని. ఆవిడ నోరంతా నిదానంగా చూసింది.

"రెండు గట్టిగానే ఉన్నాయి. ఊరికే తవ్వితే పన్ను పలచబడుతుంది, వాటి జోలికి పోవద్దు. ఊడిన దానికి ఇవాళ పెడతాను. అంచు పగిలిన దానికి బోనసు వచ్చాక రండి. లోపలి పళ్ళే కదా, వెండి సిమెంటు చాలు."

మూలన కూర్చున్న ముసలాయన లేచొచ్చాడు. "ఏదీ, నన్నోసారి చూడనీ." చిన్న అద్దం నోట్లో పెట్టి చూసి, "ఇవి నేను పెట్టినవే. పాదరసం వెంటపడ్డ పిల్ల నీ భార్యే కదూ?" అన్నాడు.

అప్పలసూరి చప్పున తలూపాడు. "ఇదీ మీరే పెట్టండి బాబూ."

"చెయ్యి వణుకుతోందోయ్. నా సరదాకి నీ పన్ను పాడవకూడదు."

దీపం మాత్రం తనే పట్టుకున్నాడు, రెండు చేతులతో, పనయ్యేదాకా.

దసరా బోనసు అందాక రెండో పంటికి వెళ్తే ఆయన కనిపించలేదు. అప్పలసూరి అడగడానికి జంకుతుంటే గంగాభవానే చెప్పింది. "నాన్నగారు మెట్లు దిగలేకపోతున్నారు. పనయ్యాక ఒక్కసారి పైకెళ్ళి చూపించండి. బోనసులిచ్చిన దగ్గర్నుంచీ మీరొచ్చారా అని అడుగుతున్నారు."

మేడ మీద కిటికీ పక్కన మంచం. అప్పలసూరి వంగి వెలుగువైపు నోరు తెరిచాడు. ముసలాయన కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూశాడు, కొత్తవి రెండూ, పాతవి రెండూ.

"బాగా పెట్టింది" అన్నాడు. కళ్ళజోడు తీస్తూ, "ఇవాళంతా అటువైపు నమలకు" అన్నాడు.