తనిఖీ లేని ఒక్క దారి

ఆఫీసులో నన్ను వెనకాల ‘చెకింగ్ మేడం’ అంటారు. అననివ్వండి. అక్కడి నెట్‌వర్క్ చూసేది నేనే. కిందటేడు ఎవరో బుద్ధిమంతుడు తెలియని లింకు నొక్కితే ఆఫీసు మూడు రోజులు పడకేసింది, అక్షింతలు మాత్రం నా నెత్తిన పడ్డాయి. అప్పటినుంచి నాకు అన్నిటి మీదా అనుమానమే. ఇంట్లో ఉన్న అరచెయ్యంత రౌటర్‌కి కూడా ఉన్న రక్షణలన్నీ ఆన్ చేసి పడేశాను. నీ ఇంట్లో దోచుకోడానికి ఏముందని అడక్కండి. ఒంటరి మనిషికి గొళ్ళెం మీదే ధ్యాస.

ఆ ఇంట్లో నాతో మాట్లాడేది తమ్ముడొక్కడే. అదీ ఆదివారం ఉదయం, వీడియోలో, చేతులతో. వాడికి పుట్టుకతోనే వినబడదు. బడిలో వేసేలోపే అమ్మా నేనూ వాడూ కలిసి సొంత సైగలు కల్పించుకున్నాం. చెవి తమ్మె పట్టుకుంటే అమ్మ. గడ్డం గిల్లుకుంటే అక్క, అంటే నేను. మోచెయ్యి గోక్కుంటే అబద్ధం. అమ్మ పోయాక ఆ భాష తెలిసినవాళ్ళు లోకంలో మేమిద్దరమే మిగిలాం.

ఏడాదిగా ఆ వీడియో సతాయిస్తోంది. వాడి చెయ్యి గుండెల దగ్గర బయల్దేరి ఉన్నట్టుండి నుదుటి దగ్గర తేలేది, మధ్యలో మాట మాయం. మిగతా పనుల్లో తేడా తెలిసేది కాదు, నేను ఇంట్లో ఇంకేం చేస్తాను కనుక. వాడి ఫోన్ పాతదని విసుక్కుని కొత్తది పంపించాను. ఏం మారలేదు. మళ్ళీ చెప్పు, మళ్ళీ చెప్పు అని ఎన్నిసార్లు అడగను? గంగిరెద్దులా తల ఊపేదాన్ని. వాడు నవ్వితే నేనూ నవ్వేదాన్ని. పోనుపోను వాడు సైగలు నిదానంగా, పెద్దపెద్దగా చెయ్యడం మొదలుపెట్టాడు, పరాయివాళ్ళతో చేసినట్టు.

మొన్న గురువారం మెసేజ్ పెట్టాడు. “అక్కా, ఇక ఆదివారాలు వద్దులే. నేను చెప్పేది నీకు పట్టడం లేదని తెలిసిపోయింది.”

ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. చెప్పుకోడానికి సిగ్గేమిటి.

ఆ మధ్యాహ్నమే డ్రాయింగులు గీసే ఇంజనీరు వచ్చి, ఫైళ్ళు నత్తనడక నడుస్తున్నాయన్నాడు. నా పాత పాఠమే అప్పజెప్పాను. గేటు దగ్గర ప్రతి సంచీ విప్పి, చూసి, మళ్ళీ మూతి కట్టి పంపిస్తుంటే క్యూ కదలదు. రౌటరూ అంతే, వచ్చే ప్రతి డేటా ముక్కనీ విప్పి తనిఖీ చేస్తుంది. దారి ఎంత వెడల్పున్నా, విప్పే చేతులు చాలకపోతే జనం నిలబడాల్సిందే. ఆయన పాపం తాపీగా విన్నాడు.

“ఇంత పెద్ద మిషనుకే చేతులు చాలట్లేదంటే, ఇళ్ళలో ఉండే చిన్నవాటి గతేంటి మేడం?”

జవాబు చెప్పబోతుంటే మా ఇంట్లో రౌటర్ గుర్తొచ్చింది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతుకుతున్నది నేనే.

ఇంటికి వెళ్ళి పరీక్షకని నా ఫోనుకే వీడియో కాల్ పెట్టి, రౌటర్ లోపలి లెక్క తెరిచి చూశాను. దాని మెదడు వందకు తొంభైతొమ్మిది పాళ్ళు తనిఖీలోనే మునిగి ఉంది. తనిఖీ ఆపితే పన్నెండుకి దిగింది. ఎలుకల బాధకు ఇంటికి నిప్పు పెట్టుకోవడమంటే ఇదే. అయినా మొత్తం ఆపడానికి చెయ్యి రాలేదు, నా బుద్ధి అలాంటిది. తమ్ముడితో మాట్లాడే ట్యాబ్ ఒక్కదానికి తనిఖీ లేకుండా దారి వదిలాను. పది నిమిషాల పని. ఏడాదిగా చెయ్యలేదు.

ఒక్క ఆదివారం చాలు, తప్పు నాదేనని వాడికి రాశాను. జవాబు లేదు. ఆదివారం తొమ్మిదింటికి నేనే కాల్ చేశాను. చాలాసేపటికి ఎత్తాడు.

బొమ్మ నీళ్ళలా తేటగా వచ్చింది. వడ్రంగం పనిలో వాడి బొటనవేలికి తెగిన పాత మచ్చ కూడా కనబడుతోంది. నేను గడ్డం గిల్లుకున్నాను, మోచెయ్యి గోక్కున్నాను. అర్థం కాకుండానే తల ఊపానని ఒప్పుకున్నాను. ఏ ఆదివారాలు అని అడిగాడు. అన్నీ అన్నాను.

వాడు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. తర్వాత చెప్పాడు. మేడ మీద గది ఖాళీ అయింది, వచ్చి మాతో ఉండమని వరసగా నాలుగు ఆదివారాలు నన్ను అడిగాడట. నాలుగుసార్లూ తల ఊపానట, నవ్వానట కూడా. వాడూ మరదలూ గోడలకి రంగు వేశారు, కిటికీకి తెర కుట్టించారు. నేను వెళ్ళలేదు, ఆ మాటే ఎత్తలేదు. రాసి అడగొచ్చు కదరా అంటే, అలాంటివి రాసి అడిగేవి కావన్నాడు. ఆరు నెలలు చూసి, పోయిన నెల ఎవరో టీచరుకి అద్దెకిచ్చేశారు.

“మళ్ళీ అడుగు,” అన్నాను చేతులతో.

“గది లేదుగా.”

“తెలుసు. అయినా అడుగు.”

అడిగాడు. నిదానంగా, ఒక్కో సైగా విడదీసి, పరాయిదాన్ని అడిగినట్టు. అలా కాదు, మనం మాట్లాడుకునేలా అడగమన్నాను. వాడు కళ్ళు తుడుచుకుని ఈసారి చకచకా అడిగాడు. చెవి తమ్మె పట్టుకుని, అమ్మ ఉంటే ఇదే అనేదన్నాడు. గడ్డం గిల్లుకుని, రమ్మన్నాడు. ఒక్క ముక్కా జారిపోలేదు.

నేను తల ఊపలేదు. చేతులు రెండూ ఎత్తి, లేని గదికి వస్తానని చెప్పాను.