చంద్రవ్వ గీసుకున్న ఎర్ర గుర్తు

ఎల్లారెడ్డిలో ముసలి పోచన్న ఇంటి మట్టిగోడ మీద మున్సిపాలిటీవాళ్లు ఎర్రరంగుతో పెద్ద ఇంటూ గుర్తు వేసి, పక్కన ఒక కాగితం అతికించి పోయారు. ఎదురింటి చంద్రవ్వకు చదువు రాదు గానీ కుళ్లుకోవడం బాగా వచ్చు. సర్కారు ఊరికే రంగు ఖర్చు పెడుతుందా? ముసలాడికి కొత్త ఇల్లు మంజూరైందని తేల్చేసుకుంది. పోచన్ననే అడగొచ్చు. అడిగితే అతని సంబరం చూడాల్సి వస్తుందని మానేసింది.

చంద్రవ్వ ఇల్లు చిన్నదేం కాదు. ఇరవై ఏళ్లు బీడీలు చుట్టి, కడుపు కట్టుకుని పోయించుకున్న స్లాబు. అయినా ఆశకు అంతుంటుందా తల్లీ! మిట్టమధ్యాహ్నం వాడకట్టంతా కునుకు తీస్తుంటే, గడపకు పూయగా మిగిలిన ఎర్రరంగు తీసి, పోచన్న గుర్తుకంటే జానెడు పెద్దగా తన గోడ మీద గీసుకుంది.

వారం తిరగకుండానే కామారెడ్డి నుంచి జేసీబీ దిగింది. నేరుగా చంద్రవ్వ వాకిట్లోకే.

"సామాన్లు తీస్కో అవ్వా, కూలగొట్టాలె," అన్నాడు డ్రైవర్ సుందర్.

"కూలగొట్టుడేంది? కొత్తిల్లు ఇస్తరు గద!"

"అదంత నాకు తెల్వదు. గుర్తున్న ఇల్లు కూలగొట్టుమన్నరు."

చంద్రవ్వకు పై ప్రాణాలు పైనే పోయాయి. పరుగున పోయి జేసీబీకి అడ్డంగా కూర్చుంది. అంతలో మున్సిపాలిటీ ఇంజనీరు నిహారిక స్కూటీ మీద వచ్చింది.

"ఇది మా లిస్టుల లేదే! వానలకు కూలి మనుషుల మీద పడే ఇండ్లకే గుర్తు పెట్టినం. దీనికెవరు పెట్టిన్రు?"

"నేనే బిడ్డా. బుద్ధి గడ్డి తిన్నది!" చంద్రవ్వ ఏడుస్తూనే రోకలి తెచ్చి గోడను దబదబా బాదింది. "సూడు, ఒక్క పెచ్చు ఊడిందా? సుక్క నీళ్లు కారయి. మూడు అర్రలు, రెండు ఖాళీగనే ఉంటయి. పదిమంది పండుకోవచ్చు!"

నిహారిక నవ్వు ఆపుకుంది. "మంచి మాట చెప్పినవ్ అవ్వా. పోచన్న తాతకు ఇంకా ఇల్లు మంజూరు కాలే. అప్పటిదాంక ఉండనీకి జాగ లేదని ఖాళీ చేస్తలేడు."

వాడకట్టంతా చంద్రవ్వ వైపు చూసింది. ఆమె నోరు తెరిచేలోపే పోచన్న మూట చంకన పెట్టుకుని, నాలుగు మేకలను తోలుకుంటూ ఆమె గడప దాటి లోపలికి వచ్చేశాడు. ఎదురుగా జేసీబీ ఇట్లా తాకిందో లేదో, అతని గోడ భళ్లున కూలింది. నిన్నటిదాకా ఆ గోడ పక్కనే అతను పడుకున్నాడు. చంద్రవ్వకు నిజంగానే జాలేసింది. ఉప్పుడు పిండి చేసి పెట్టింది.

ఆ జాలి మూడు రోజులు నిలిచింది. నాలుగో రోజు మేకలు బీడీల తునికాకు కట్టలన్నీ నమిలేశాయి.

మర్నాటి నుంచి మున్సిపాలిటీ ఆఫీసు తాళం తీయకముందే చంద్రవ్వ నిహారిక కోసం మెట్ల మీద ఉంటోంది.

"నాకు ఏ ఇల్లూ వద్దు బిడ్డా. నీ కాళ్లు మొక్కుత, ఆ ముసలోనికి జల్ది ఒకటి ఇప్పియ్యి!"