దెమిస్సె తాగిన తీర్థం

భర్తను తీసుకుపోయింది దేవుడా, తను తాగించిన తీర్థమా? ఏళ్లు గడిచినా అస్కాలెను ఈ సందేహం వదల్లేదు. దేవుణ్ణి అడగాలంటే భయం, డాక్టర్ని అడగాలంటే సిగ్గు.

మూత్రపిండాలు చెడిపోయి దెమిస్సె గోందర్ ఆసుపత్రిలో డయాలసిస్ చేయించుకునేవాడు. "ఒంట్లో చేరిన నీళ్లు బయటికి పోయే దారి లేదమ్మా. ఆ బరువంతా గుండె మొయ్యాలి. దాహమేస్తే నోరు తడుపుకోవాలే గాని కడుపునిండా తాగకూడదు," అని డాక్టరు ముందే చెప్పాడు. అస్కాలె తలూపింది. కాని కొండమీది మరియమ్మ చర్చి ఊట మామూలు నీళ్లెలా అవుతుంది? పరగడుపున అది తాగి లేచి తిరిగినవాళ్లను ఆమె కళ్లారా చూసింది.

"ఇవీ నీళ్లేగదే," అన్నాడు దెమిస్సె చెంబు చూసి.

"తల్లి తీర్థాన్ని నీళ్లంటావా? కళ్లు పోతాయ్!"

"నన్ను పంపించేదాకా నిద్రపోయేట్టు లేవు," అని నవ్వుతూనే తాగాడు.

రోజూ తాగాడు. పాదాలు ఉబ్బాయి. పడుకుంటే ఊపిరాడక గోడకు జేరబడి కూర్చునేవాడు. ఆసుపత్రికి బయలుదేరదీస్తుండగానే గుండె ఆగిపోయింది. "ఈ రోగులకు గుండె ఎప్పుడైనా ఇలా మోసం చేస్తుందమ్మా," అని డాక్టరు ఓదార్చాడు. తీర్థం మాట ఆమె ఎత్తలేదు.

ఇవాళ ఆమె కాఫీగింజలు వేయిస్తుంటే పొరుగింటి తిరునేష్ వచ్చింది. ఆమె భర్తకూ ఈ మధ్యే డయాలసిస్ మొదలైంది.

"అక్కా, అప్పట్లో మా నీళ్ల డబ్బా తీసుకెళ్లావు గుర్తుందా? నీ కష్టం చూసి అడగలేదు. రేపు ఊటకెళ్లాలి. మా మొండిఘటం వద్దంటున్నాడు గాని, తాగించకుండా వదుల్తానా!"

అస్కాలె చేతిలో గరిటె ఆగిపోయింది. చెబితే మొగుణ్ణి చేతులారా చంపుకుందంటారు. చెప్పకపోతే?

"తాగించకే, చెల్లీ."

"అయ్యో! ఉపవాసాలు తప్పని నువ్వేనా ఈ మాటనేది?"

"నెత్తిన చల్లు. గుండెలకు పుయ్యి. తల్లికి దయ కలగాలంటే చుక్క చాలదా? నేను చెంబులకు చెంబులు పట్టించాను. ఆయన గుండె మునిగిపోయింది."

మాడుతున్న గింజల పెనాన్ని తిరునేష్ పొయ్యి మీంచి దించింది. మెల్లగా, "అందుకేనా డబ్బా తిరిగివ్వలేదు?" అంది.

"దాన్ని ముట్టుకోలేకపోయానే."

అస్కాలె లేచి, మంచం కింది నుంచి డబ్బా లాగింది. శుభ్రంగా కడిగి, తన శాలువా కొంగుతో తుడిచి, తిరునేష్ చేతికిచ్చింది.