అడ్డం పేర్చిన ఇళ్ళు

పెనుకొండ కొండకు ఫారెస్టు గార్డుగా వచ్చిన తొమ్మిదేళ్ళలో, కార్తీక మాసం వస్తోందంటే తిప్పన్నకు ఒళ్ళు మండని ఏడాది ఒక్కటీ లేదు. మిగతా పదకొండు నెలలూ అతనంత నెమ్మదైన మనిషి ఊళ్ళో కనబడడు. గొర్రెలకాపరి ఎవడైనా పొరపాటున రిజర్వు అడవిలోకి మందను తోలినా, రెండు కేకలు వేసి, వాడు పెట్టిన సద్దిసంగటి ఇంత నోట్లో వేసుకొని వచ్చేసే రకం. కార్తీక పాడ్యమి నాటినుంచి మాత్రం మనిషి మారిపోతాడు. భార్య హనుమంతమ్మ కూడా ఆ నెల అతనితో ఆచితూచి మాట్లాడుతుంది.

కోపానికి కారణం లేకపోలేదు. ఆ నెలంతా రైలు దిగిన జనం దిగినట్టే కొండెక్కుతారు. హిందూపురం బెల్లం మండీవాళ్ళయితే గ్రామఫోను పెట్టె కూడా మోయించుకొస్తారు. ఉసిరిచెట్టు కింద భోంచేస్తే పుణ్యమని ఎవరు చెప్పారో కానీ, ఆ చెట్టు కొమ్మ విరిచి పొయ్యిలో పెట్టమని ఎవరూ చెప్పలేదు కదా! వీళ్ళు రెండూ చేస్తారు. మెట్లదారి చుట్టూ తిరిగిపోతుందని వాలు వెంబడి నిలువునా అడ్డదారులు పడతారు. తిన్న విస్తర్లు తిన్నచోటే వదిలేస్తారు. ఇవన్నీ ఒక ఎత్తయితే, రాళ్ళ ఇళ్ళు ఒక ఎత్తు.

కొండమీద నాలుగు రాళ్ళు ఒకదానిమీద ఒకటి పేర్చి దణ్ణం పెట్టుకుంటే సొంత ఇల్లు కట్టుకుంటారని అక్కడి వాళ్ళ నమ్మకం. ఇల్లు లేనివాడు ఒకటి కడతాడు. ఉన్నవాడు మేడ కావాలని రెండు కడతాడు. రాళ్ళు ఎక్కడినుంచి వస్తాయి? దారి పక్కన మన్ను జారకుండా పూర్వం ఎవరో పుణ్యాత్ములు పేర్చిన వరసలోంచి ఊడబెరికేవే. వాన పడితే ఆ బోసిపోయిన చోటునుంచి ఎర్రమన్ను కరిగి, కిందనున్న పావురాల దొనలోకి దిగుతుంది. దొన అంటే బండల మధ్య సహజంగా ఏర్పడిన నీటిగుంట. ఎండాకాలంలో కొండ మొత్తానికి ఆ ఒక్క దొనలోనే నీళ్ళుండేవి. అడవిపందులూ నెమళ్ళూ కొండకింద గొర్రెలూ ఆ నీళ్ళమీదే బతికేవి.

రెండో ప్రపంచ యుద్ధం రావడానికి ముందటేడు, కార్తీకం మొదట్లోనే రేంజరు లక్ష్మీనారాయణగారు తిప్పన్నను పిలిపించాడు.

"ఈ జనంవల్ల కొండకు ఎంత నష్టమవుతోందో నాకు లెక్క కావాలి తిప్పన్నా. ఎంతమంది ఎక్కుతున్నారు, ఎన్ని పొయ్యిలు పెడుతున్నారు, దొనలో నీళ్ళెంత తగ్గాయి, అన్నీ నెలాఖరుకు రాసివ్వు. నువ్వు చెప్పినంత నష్టమూ నిజమైతే ముళ్ళకంచె వేసి దారి మూసేద్దాం. వచ్చే ఏడాదినుంచి కార్తీకం లేదు, ఏమీ లేదు."

తిప్పన్న నెత్తిన పాలు పోసినట్టయింది. "మహారాజులాగా రాసిస్తా సామీ!" అన్నాడు.

అయిదో క్లాసు చదివిన చదువంతా ఆ నాలుగు వారాల్లో బయటికి తీశాడు. మెట్ల మొదట్లో కూచుని మనిషికొక చింతపిక్క చొప్పున సంచిలో వేశాడు. కాలిన పొయ్యిలను ఎంచితే నూటా నలభై మూడు తేలాయి. విరిగిన ఉసిరికొమ్మలు లెక్కకు మించిపోయాయి. రాళ్ళ ఇళ్ళు రెండువందల పన్నెండు. దొనలోకి దిగి చేతికర్ర నిలబెట్టి చూశాడు. ఉద్యోగంలో చేరిన ఏడాది నీళ్ళు ఛాతీ ఎత్తున ఉండేవని కర్రమీద అప్పుడే ఒక గాటు పెట్టుకున్నాడు. ఇప్పుడు నీళ్ళు మోకాలు దాటలేదు, అక్కడ ఇంకో గాటు పెట్టాడు. మిగతా లోతంతా మన్నే. ఆ రెండు గాట్ల మధ్య జానెడు జానెడు కొలుస్తుంటే అతనికి నిజంగానే ఏడుపొచ్చింది.

ఆ సాయంత్రం అన్నం తింటూ భార్యకు సంగతంతా చెప్పాడు. కంచె మాట వినగానే హనుమంతమ్మ వడ్డిస్తున్న గరిటె ఆపేసింది.

"అయితే మా అమ్మను నేనింక యాడ చూసేదయ్యా?"

హనుమంతమ్మ పుట్టిల్లు ధర్మవరం. పట్టుచీరలు నేసే ఇల్లు. తిప్పన్నదీ ఆ కులమే, ఆ పనే, కానీ నాయన పోయాక మగ్గం నిలుపుకోలేక సర్కారు ఉద్యోగంలో చేరాడు. అత్త అక్కమ్మకు అరవై దాటినా ఇప్పటికీ గుంటలో కాళ్ళు పెట్టుకొని మగ్గం ముందు కూచుంటుంది. నేతగాళ్ళ మగ్గం ఆగేది అమావాస్యకే. ఏడాదికొకమారు, కార్తీక అమావాస్యకు, వాళ్ళ వీధి ఆడవాళ్ళంతా పొద్దున రైలుకు వచ్చి కొండెక్కి వండుకు తిని సాయంత్రం రైలుకు వెళ్ళిపోతారు. తల్లీకూతుళ్ళు కలుసుకునేది ఆ ఒక్క పూటే. కూతురి ఇంట్లో రాత్రి ఉండమంటే అక్కమ్మ, "అల్లుడింట్లో నాకేం పని, మగ్గం ఎవరు నేస్తారు?" అని కొట్టిపారేస్తుంది. పిల్లాజెల్లా లేని హనుమంతమ్మ ఆ ఒక్క పూటకోసం ఏడాదంతా రోజులు లెక్కపెట్టుకుంటుంది.

"దొన పూడిపోతాండాదే. నేనేం చేసేది?" అన్నాడు తిప్పన్న.

"రాసుకోపో. నిజమే కదా రాస్తాండావు," అంది ఆమె. అరిచినా బాగుండేది. నెమ్మదిగా అనేసరికి అతనికి ఆ రాత్రి నిద్రపట్టలేదు.

నిద్రపట్టని మనిషికి బుద్ధి తిన్నగా పనిచేయదు. జనం చేసిన చెడుపును తానే సరిచేసేస్తే కంచె అవసరమే ఉండదు కదా అని తోచింది తిప్పన్నకు. అమావాస్య ముందురోజు తెల్లవారుతూనే కొండెక్కి, రెండువందల పన్నెండు ఇళ్ళనూ ఒక్కటి మిగలకుండా పడగొట్టాడు. ఆ రాళ్ళను దారి పక్క వరసలోకి చేరుద్దామనుకున్నాడు. పడగొట్టడం ఒక్కడి పనే కానీ పేర్చడం పదిమంది పని. మధ్యాహ్నానికి నడుం పట్టేసింది. రాళ్ళన్నీ వాలుమీద చెల్లాచెదరుగా వదిలేసి దిగివచ్చాడు.

మర్నాడు ధర్మవరం రైలు వచ్చింది. నలభైమంది ఆడవాళ్ళు, సత్తుగిన్నెలు, బియ్యం మూటలు. ముందు అక్కమ్మ, ఆమె చెయ్యి పట్టుకొని హనుమంతమ్మ. దొన దగ్గరికి రాగానే అక్కమ్మ ఆగి చుట్టూ చూసింది.

"నా ఇల్లు యాడ?"

అప్పుడు తెలిసింది తిప్పన్నకు. ముసలామె తొమ్మిదేళ్ళుగా ఆ బండపక్కన ఏడాదికో రాయి పెంచుతూ ఒక ఇల్లు నిలబెడుతోందట. తనకోసం కాదు. సర్కారు కొట్టంలో కాపురముంటున్న కూతురికి సొంత గూడు అమరాలని.

"ఎవుడు కూల్చినాడే? వాని చేతులు పడిపోనూ!"

"నేనే అత్తా," అన్నాడు తిప్పన్న.

ఇంక చూడండి. నలభైమందీ ఒక్కసారిగా ఒంటికాలిమీద లేచారు. ఒకామె గిన్నెలు దించేసి దారికడ్డంగా కూచుంది. అక్కమ్మ మరదలు కుళ్ళాయమ్మయితే, "అల్లుడంటే ఇల్లు నిలబెట్టాలగానీ!" అని ముక్కుమీద వేలేసుకుంది. హనుమంతమ్మ మాత్రం మొగుడివంక చూడలేదు, తల్లివంక చూడలేదు. అది తిప్పన్నకు తిట్లకంటే ఎక్కువ నొప్పి పెట్టింది. నొప్పి పుట్టగానే అతనికి కోపమూ వచ్చింది.

"తిట్టుకోండి! తిట్టేముందు ఒకమారు ఈడికి రా అత్తా," అంటూ అక్కమ్మను చెయ్యిపట్టి దొన ఒడ్డుకు తీసుకుపోయాడు. కర్రను నీళ్ళలో నిలబెట్టాడు. "ఇదిగో, నీ కూతుర్ని తెచ్చుకున్న ఏడు నీళ్ళు ఈడికుండె. ఇప్పుడు చూడు యాడికుండాయో. మీరు పెరికిన ప్రతి రాయికీ ఇంత మన్ను దిగతాండాది. ఇంకో రెండేళ్ళు ఇట్లే జరిగితే దొనే ఉండదు. కంచె వేసేస్తామంటాండారు దొరలు. వేస్తే మీరెవరూ రాలేరు. వేయకుంటే నీళ్ళుండవు. నేనేం చేయాల్నో నువ్వే చెప్పు!"

ఆడవాళ్ళ గోల సద్దుమణిగింది.

అక్కమ్మ కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకొని వాలువంక చూసింది. యాభై ఏళ్ళు పోగు తెగితే పట్టుకున్న కళ్ళవి. పైనుంచి కిందికి జనం తొక్కిన అడ్డదారులు ఎర్రగా పదో పన్నెండో, వాటివెంట వాననీళ్ళు కోసిన కోతలు, అన్నీ నిలువునా దొనలోకే దిగుతున్నాయి.

"ఏమప్పా, అంతా పడుగేనే ఉండాదే," అంది చివరికి. "పేక ఏది?"

"ఏమంటాండావు అత్తా?"

"మగ్గం మీద పుట్టినోడివి, మరిసిపోయినావా? అన్నీ నిలువు పోగులే ఉంటే బట్ట నిలుస్తాదా? అడ్డం పోగు పడితేగదా బిగువు వచ్చేది. ఈ కోతకు అడ్డంగా రాళ్ళు పెట్టు. సందు లేకుండా, ఒక వరస కింద ఇంకో వరస. మన్ను యాడిదాడ నిలుస్తాది."

తిప్పన్న తొమ్మిదేళ్ళుగా ఆ కొండను చూస్తున్నాడు, ఆ మాట తనకెందుకు తట్టలేదు?

"మరి మన ఇండ్లు?" అంది కుళ్ళాయమ్మ.

"ఇండ్లే కట్టండే! యాడబడితే ఆడ కాదు. వరసలో, గోడకు గోడ ఆనించి కట్టండి. వీధి వీధంతా ఒకతూరి కట్టినట్టయితాది. దేవునికేమన్నా కండ్లు కనపడవా?"

ఆ మాటతో నవ్వులు పుట్టాయి. తిప్పన్న పెద్దబండలు దొర్లించి అడుగు పరిచాడు. వాటిమీద, వాటి సందుల్లో ఆడవాళ్ళు తమ తమ ఇళ్ళు కట్టారు. అతను నిన్న చెల్లాచెదరు చేసిన రాళ్ళే చేతికందాయి, కొత్తవి ఊడబెరకాల్సిన అవసరం రాలేదు. అక్కమ్మ మొదటి వరసలో మొదటి ఇల్లు కట్టింది. మధ్యాహ్నానికి పెద్దకోతలో నాలుగు వరసలు లేచాయి. పొయ్యిలు వట్టిబండమీదే పెట్టాలన్నాడు, పెట్టారు. కొమ్మ విరవొద్దన్నాడు, రాలిన పుల్లలు ఏరుకున్నారు. సాయంత్రం అలవాటుగా అతను గొంతు చించుకొని అందర్నీ మెట్లదారినే దింపి రైలెక్కించాడు.

నెలాఖరుకు నష్టం లెక్కంతా ఒక్క పిక్క తగ్గించకుండా రాశాడు. తాను ఇళ్ళు కూల్చి రాళ్ళు వాలుమీద వదిలేసిన సంగతీ రాశాడు. చివర, "ఒక వాన చూసి తీర్మానించవలెనని ప్రార్థన," అని చేర్చాడు.

మార్గశిరంలో తుఫాను వాన మూడు రోజులు పట్టింది. నాలుగో రోజు రేంజరు స్వయంగా కొండెక్కాడు. వరసలు కట్టని కోతలు ఇంకా లోతయ్యాయి. కట్టిన కోతలో ప్రతి వరస వెనకా జానెడు మన్ను ఆగి ఉంది. నాలుగో వరస దాటి వచ్చిన నీళ్ళు తేటగా ఉన్నాయి. లక్ష్మీనారాయణగారు వంగి ఆ మన్నును చేత్తో నొక్కి చూసి, "ఎవరు చెప్పారు నీకిది?" అన్నాడు.

"మా అత్త, సామీ."

"ఒక ఏడు గడువిస్తున్నా. వచ్చే కార్తీకానికి నీ కర్రమీద నీళ్ళు ఇప్పటికంటే దిగితే, మీ అత్త చెప్పినా వినను. కంచె పడుతుంది."

ఆ ఏడాదంతా తిప్పన్న కంటిమీద కునుకు లేకుండా పనిచేశాడు. అడ్డదారుల మొదట్లో ముళ్ళకంపలు వేసి మూశాడు. కొండెక్కిన ప్రతివాడి చేతికీ గంప ఇచ్చి, దొనలోంచి ఒక గంప మన్ను తీసి వరస వెనక పోస్తేగానీ పైకి వదల్లేదు. మండీవాళ్ళు గునిశారు, పోశారు. మిగిలిన కోతల్లోనూ వరసలు లేచాయి. కార్తీకం వచ్చేసరికి నీళ్ళు మోకాలు దాటి తొడ పైకి వచ్చాయి. రేంజరు ముందరే తిప్పన్న కర్రకు కొత్త గాటు పెట్టాడు. కంచె మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

అమావాస్యనాడు ధర్మవరం రైలు వచ్చింది. అక్కమ్మకు మోకాళ్ళు సహకరించడం లేదు. దొన దాకా వచ్చి, "ఇంక నావల్ల కాదు, మీరు పైకి పోండి," అని ఆగిపోయింది. ఆగి, వెనకటిలాగే అడిగింది.

"నా ఇల్లు యాడ?"

తిప్పన్న ఆమెను మొదటి వరస దగ్గరికి నడిపించుకుపోయాడు. ఇల్లు కనబడలేదు. వరస పైదాకా మన్ను నిండి చదునైపోయింది. దానిమీద పచ్చగా గడ్డి మొలిచింది, అంగుళమంత ఉసిరిమొలకలు రెండు లేచాయి.

"దీనికిందే ఉండాదత్తా. ఇంక నేను కూల్చల్లన్నా కూలదు."

ముసలామె పకపకా నవ్వింది. మొలకలను తప్పించి గడ్డిమీద చతికిలబడి, కూతుర్ని పక్కన కూచోబెట్టుకుంది. ఆ పూటంతా తల్లీకూతుళ్ళు అక్కడినుంచి కదల్లేదు. ఏం మాట్లాడుకున్నారో తిప్పన్నకు తెలియదు. హనుమంతమ్మ తల్లి ఒళ్ళో తలపెట్టుకోవడం మాత్రం దూరంనుంచి చూశాడు.

పొద్దు వాలింది. మిగతా ఆడవాళ్ళను ఎప్పటిలాగే కేకలేసి దింపాడు. కుళ్ళాయమ్మ, "మా వదిన ఏదప్పా?" అంటే, "నేను పిలుచుకొస్తా, మీరు నడవండి," అన్నాడు. మళ్ళీ పైకెక్కాడు. దొన ఇవతలి బండమీద కూచున్నాడు. పిలవలేదు. చుట్ట ముట్టించబోయి, గడ్డి దగ్గర నిప్పెందుకని మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. కింద స్టేషన్లో రైలు కూసింది. కూస్తూ కూస్తూ ధర్మవరం వైపు సాగిపోయింది.

అక్కమ్మ ఉలిక్కిపడి లేవబోయింది. "అయ్యో, రైలు పాయెనే! అదేమప్పా, పిలుస్తావనుకుంటి గదా! నోరు పడిపోయిందా నీకు?"

"మరిసిపోయినా అత్తా," అన్నాడు తిప్పన్న.

పదేళ్ళ కాపురంలో మొదటిసారి హనుమంతమ్మ మొగుడివంక చూసి నోరారా నవ్వింది. లేచి తల్లికి చెయ్యి అందించింది.

"రా అమ్మా, ఇంటికి పోదాం."