ఇంజన్లు లేని విమానాలు

"ఫ్యాక్టరీల పని చూసేశావా?" అని రస్ అడిగేసరికి నా చేతులు మోచేతుల దాకా సబ్బు నురగలో ఉన్నాయి. వంటయిందా అని అడిగే గొంతే అది.

మా ఆయన రస్ కంప్యూటర్లో పసిఫిక్ యుద్ధం ఆట ఆడతాడు. ఆయనది జపాన్, ఆయన స్నేహితుడు ఎల్డన్‌ది అమెరికా. ఒకరి ఎత్తు ఒకరికి ఈమెయిల్లో పంపుకుంటూ ఏళ్ళ తరబడి ఆడుతున్నారు. ఓడలు నడపడం, దీవులు పట్టడం రస్ పని. ఏ ఫ్యాక్టరీలో ఏ విమానం చెయ్యాలి, దానికి ఏ ఇంజను కావాలి, ముడిసరుకు ఎక్కణ్ణుంచి రావాలి, ఇదంతా విసుగు పని గనక నాది. మొదట్లో "కాస్త చూసిపెట్టు" అన్నాడు. ఈ ఇంట్లో నేను కాస్త చూసిపెట్టినవన్నీ నా నెత్తినే పడ్డాయి, వాళ్ళమ్మ మందులు, పన్ను కాగితాలతో సహా. నిజం చెప్పొద్దూ, ఈ ఒక్కటీ నాకిష్టం. అంట్లు తోముతూ కూడా ఇంజన్ల గురించే ఆలోచించేదాన్ని. రస్ విమానాలు ఇన్నాళ్ళు ఎగిరాయంటే అందుకే.

పోయిన శనివారం ఈ యుద్ధాల ఆటల క్లబ్బువాళ్ళు మా బేస్‌మెంట్లో చేరారు. నేను శాండ్‌విచ్‌ల పళ్ళెంతో మెట్లు దిగుతున్నాను.

"నా కంటి ఆపరేషన్ అయ్యాక కొన్నాళ్ళు నా బదులు ఎవరైనా ఆడండర్రా," అంటున్నాడు ఎల్డన్. "అవునుగానీ రస్, నీకిన్ని విమానాలు ఎలా వస్తున్నాయయ్యా?"

మెట్టు మీదే ఆగిపోయాను. సిగ్గు విడిచి, నా పేరు కోసం ఎదురుచూశాను.

"బుర్రుండాలి గురూ!"

"డార్లీన్ చూస్తుందన్నావుగా?"

"తనా? బటన్లు నొక్కుతుంది. పిల్లిని కూచోబెట్టినా నొక్కుతుంది."

అందరూ నవ్వారు. "మగాళ్ళ ఆటలు దానికేం తెలుస్తాయిరా," అంది మా అత్తగారు కుర్చీలోంచి. నాకు ఒళ్ళు మండిపోయింది. అయినా అందరికీ వడ్డించాను.

"కొత్త ఫైటర్ వచ్చేసింది," అన్నాడు రస్ ఇవాళ, నా వెనక నిలబడి. "ఫ్యాక్టరీలన్నీ దానికి మార్చెయ్."

దాని ఇంజను వేరు. ఆ ఇంజన్ల ఫ్యాక్టరీ ముందే పెడదామని నేను బతిమాలితే, ఓడలకు సరుకు చాలదని వద్దన్నది ఆయనే. ఇప్పుడు మారిస్తే ఇంజన్లు లేక కొత్తవి రావు, పాతవి ఆగిపోతాయి. మళ్ళీ వెనక్కి మార్చినా ఫ్యాక్టరీలు కోలుకోడానికి నెలలు పడుతుంది. ఇదివరకైతే చెయ్యి పట్టుకుని ఆపేదాన్ని.

"అన్నీనా?" అన్నాను.

"అన్నీ. నొక్కడమేగా!"

చేతులు తుడుచుకుని వెళ్ళి, ఒక్కొక్కటే నొక్కాను. ఈ ఇంట్లో ఏ పనీ ఇంత హాయిగా చెయ్యలేదు. రస్ తన ఓడల్ని దూర సముద్రాలకు తోలి, ఎత్తు ఎల్డన్‌కి పంపేసి, ఈల వేసుకుంటూ స్నానానికి వెళ్ళాడు.

నేను ఎల్డన్‌కి ఫోన్ చేశాను. "నీ బదులు ఆడటానికి ఎవరైనా దొరికారా?"

"లేదమ్మా. నీ ఎరుకలో ఎవరైనా ఉన్నారా?"

"మా ఇంట్లో ఒక పిల్లి ఉంది," అన్నాను. "బటన్లు బాగా నొక్కుతుంది."