హమీదా చుట్టిన మోటార్లు

పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటే, కాలిపోయిన బోరు మోటారు ముందేసుకుని రాగి తీగ చుడుతోంది హమీదా. గుండె మళ్లీ పరుగందుకుంది. "కాసేపు ఆగుతా, దడగా ఉంది" అంది. "ఎప్పుడూ ఉండే గాబరానే కదే. మోటారు లేక యల్లమంద చేను ఎండుతోంది, కానియ్" అన్నాడు ఆమె మొగుడు అల్తాఫ్, తాగిన టీ గ్లాసు ఆమె పక్కనే పెట్టి వెళ్తూ.

మాచర్లలో అల్తాఫ్ చుట్టిన మోటారంటే రైతులకు గురి. ముందుగదిలో మాటలు అతనివి, వెనకగదిలో పని ఆమెది. పందొమ్మిదేళ్లుగా అంతే. "నీ చెయ్యి మంచిదయ్యా" అని ఏ రైతయినా అంటే, తెర వెనక ఆమె చేతులు ఆగిపోయేవి. ఒక్కసారన్నా "చుట్టింది మా హమీదా" అంటాడేమోనని చెవులు రిక్కించేది. అనేవాడు కాదు. పెళ్లైన కొత్తలో ఈ పని నేర్పుతూ, ఆమె వేళ్లు పట్టుకుని "భలే పట్టేశావే" అని మురిసిపోయింది కూడా ఇతనే. ఆ మనిషి మీద ఆమెకు ఇప్పటికీ బెంగ.

ఆ రోజు తీగ చేతిలో ఉండగానే కళ్లు తిరిగి పడిపోయింది.

గుంటూరులో డాక్టర్ నీలిమ ఈసీజీ చూసి, ఎన్నాళ్లనుంచని అడిగింది. "ఆమెకు భయమెక్కువ మేడం" అన్నాడు అల్తాఫ్. డాక్టర్ అతని వంక చూడనే లేదు. "అమ్మా, మిమ్మల్నే." హమీదా డాక్టర్ వైపు తిరిగింది. "నాలుగేళ్లు" అంది.

డాక్టర్ కాగితం మీద గుండె బొమ్మ గీసింది. "కరెంటు పైన పుట్టి కిందికి దిగాలి. మీకు దడ వచ్చినప్పుడు పై కుడిగదిలోనే గుండ్రంగా తిరుగుతోంది, నిమిషానికి మూడొందల సార్లు. మధ్యలో గేటు లాంటిది సగమే కిందికి వదులుతోంది. తొడ దగ్గర నరంలోంచి సన్న తీగ పంపి, అది తిరిగే ఇరుకు దారికి అడ్డంగా చిన్న గీతలా కాలుస్తాం."

"ఆ గీత దాటలేక తిరగడం ఆగుద్ది. మామూలు దారి అట్టనే ఉంటది" అంది హమీదా.

డాక్టర్ పెన్ను ఆపింది. "ఎక్కడ నేర్చుకున్నారు?"

"నా షాపులో చూస్తుంటది లెండి" అని నవ్వాడు అల్తాఫ్.

ఆపరేషన్ బల్ల మీద ఆమె మెలకువగానే ఉంది. ఛాతీలో సన్నని మంట. కాసేపటికి ఉన్నట్టుండి దడ ఆగిపోయింది. "మామూలుగా కొట్టుకుంటోంది" అన్నారెవరో. లోపల అంత నెమ్మది ఆమె ఎన్నడూ ఎరగదు. చేసింది నువ్వే అని ఒక్క మనిషి అంటే చాలనుకున్నాను కదా, అంత చిన్న మాటకా ఇన్నేళ్లు కాచుకున్నాను అనుకుంటే కన్నీళ్లు చెవుల్లోకి కారిపోయాయి. నొప్పేమోనని నర్సు నుదురు నిమిరింది.

మర్నాడు పొద్దున మంచం పక్కన అల్తాఫ్ ఫోన్లో ఉన్నాడు. "గురువారానికి ఇచ్చేస్తా యల్లమందన్నా, నా చేత్తో చుడతాగా." హమీదా చెయ్యి చాపింది. పలకరిస్తుందేమోనని ఇచ్చాడు.

"అన్నా, నేను హమీదాని. మీ మోటార్లు చుట్టేది నేనే, మొదటినుంచీ. గుండెకు వైద్యం చేశారు, పది రోజులు చుట్టలేను. తొందరైతే వేరేచోట ఇచ్చుకోండి."

"ఏందే అది, ఇటియ్" అన్నాడు అల్తాఫ్ పళ్లు నూరుతూ.

"పైచేలో మోటారు కూడా నువ్వు చుట్టిందేనా? ఆరేళ్లయింది, ఒక్కసారీ ఆగలేదు" అన్నాడు యల్లమంద నెమ్మదిగా. తర్వాత, "ఒంట్లో ఎట్టుంది తల్లీ?"

అల్తాఫ్ చాపిన చెయ్యి అట్లాగే ఉంది. ఆమె ఫోన్‌ను రెండో చెవికి మార్చుకుంది.

"చెప్తానన్నా" అంది.